మెదడు కొలత, పిట్ట ముట్టుడు: ‘బలగం’ పతాక సన్నివేశ పరిశీలన

సినిమా ప్రేక్షకుణ్ణి ఎంతగా పట్టి ఉంచుతుందో కంప్యూటర్ సాయంతో కొలిచే ప్రయత్నం ఉరి హాసన్ బృందం చేసింది. స్కానర్‌లో సినిమా చూస్తున్నవారి మెదళ్లలోని మార్పులను నమోదుచేసి పరస్పరం పోల్చింది. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం హిచ్‌కాక్ చిత్రానికి మస్తిష్క వల్కలంలో 65 శాతానికి పైగా భాగం అందరిలో ఒకే తీరున స్పందించింది. ఎడిటింగ్ లేకుండా పార్కును చూపిన దృశ్యానికి ఆ స్పందన 5 శాతంలోపే. ఇది దర్శకుని అదుపుకు కొలత మాత్రమే, కళావిలువకు కాదు. ఆ పరిశోధకులు కూడా ఈ పరిమితిని గుర్తించారు.

సిరిసిల్లకు చెందిన యెల్దండి వేణు దర్శకత్వంలో 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ ఈ కొలతకు కఠిన పరీక్ష. కొమురయ్య చనిపోయాక పెట్టిన కూడును పిట్ట ముట్టదు. కుటుంబంలోని పాత పంతాలే అందుకు కారణమని కథ సూచిస్తుంది. పదకొండో రోజున బుడిగజంగాల దంపతులు పాడుతుండగా కెమెరా బంధువుల ముఖాలపై నిలుస్తుంది. పాట నిడివిని కుదించి వేగం పెంచే అవకాశం ఎడిటింగ్‌కు ఉన్నా, ఇక్కడ పాట నడకే దృశ్యం నడకను నిర్ణయించింది. ప్రేక్షకుణ్ణి కదిలించేది కోతల వేగం కాదు, పిట్ట ముట్టకపోతే ఏమవుతుందో తెలిసిన సామూహిక స్మృతి.

ఈ భేదాన్ని 2017 నాటి మరో ప్రయోగం బలపరుస్తుంది. సాలింజర్ కథ ఒకదానిని వినిపించే ముందు ఒక వర్గానికి భార్య మోసగత్తె అని, మరో వర్గానికి భర్త అనుమానపు మనిషి అని చెప్పారు. కథ ఒకటే అయినా మెదళ్ల స్పందన వర్గాన్ని బట్టి వేరైంది. తెలంగాణ పల్లెల్లో ‘బలగం’ను ఊరంతా కూడి చూశారు. భూతగాదాతో విడిపోయిన అన్నదమ్ములు సినిమా చూశాక కలిశారని నిర్మల్ జిల్లా నుంచి వార్తలు వచ్చాయి. ఆ ప్రేక్షకులు ఆచారమనే ముందు ఎరుకతోనే తెర ముందు కూర్చున్నారు.

మెదళ్లు ఒకే తీరున స్పందించాయని యంత్రం చూపగలదు. ఆ ఏకీభావం ఎడిటింగ్ వల్ల కలిగిందా, ఆచారం వల్ల కలిగిందా అన్నది ఒక్క కొలతతో తేలదు. ఆచారం తెలిసిన కరీంనగర్ ప్రేక్షకులకూ తెలియని ఇతర ప్రాంతాల వారికీ ఇదే సన్నివేశాన్ని చూపి పోల్చితే సమాధానం దొరకవచ్చు. అటువంటి ప్రయోగానికి సరైన ప్రశ్నను అందించవలసింది తెలుగు విమర్శే. లేనిపక్షంలో, ఎక్కువ సంఖ్య వచ్చిన దృశ్యమే గొప్పదన్న తీర్పు స్థిరపడి, బుడిగజంగాల పాట నిడివి దోషంగా లెక్కకు వస్తుంది.