సిమ్లా దాకా వెళ్లి చార్మినార్ రాని ఉపన్యాసం

పోయిన శనివారం చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగేసి, పక్క గల్లీలో ఒక హాల్లో 'దేశాల మధ్య సంభాషణ, శాంతి' మీద ఉపన్యాసానికి వెళ్లాను. వక్త గంటకు పైగా మాట్లాడారు. తాష్కెంట్, సిమ్లా, లాహోర్ అన్నీ వచ్చాయి, తేదీలతో సహా. ఆ హాలు ఏ ఊళ్లో ఉందో మాత్రం ఆయనకి గుర్తు రాలేదు.

మాటలు తెగితే ఏమవుతుందో ఈ ఊరికి తెలుసు కదా. 1947 నవంబర్ 29న నిజాం, భారత ప్రభుత్వం ఏడాదికని యథాతథ ఒప్పందం చేసుకున్నాయి. ఏడాది నిండనే లేదు. 1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది, 17కల్లా లొంగుబాటు. హైదరాబాద్ ఫిర్యాదుని భద్రతా మండలి పారిస్‌లో చర్చకి తీసుకున్నది 16న! ఆ నెలలోనే లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకి చేరిన పది లక్షల పౌండ్ల తగాదా 2019 అక్టోబర్‌లోగానీ తేలలేదు, అదీ కోర్టులో.

రాయబారులు మాట్లాడుకుంటేనే సంభాషణ అనుకోవడం ఈ ఉపన్యాసంలో అసలు లోపం. ప్రశ్నలప్పుడు వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచి దక్కనీలో అడిగింది, కరాచీలో మా చెల్లెలుంది, వీసా ఎప్పుడిస్తారు బేటా అని. "మంచి ప్రశ్న" అన్నారాయన. మళ్లీ సిమ్లా వెళ్లిపోయారు.