ఉన్నత పాఠశాలకు తగిన దూరదర్శిని

హైదరాబాదులో 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన వేధశాల తరువాత నిజామియా వేధశాల అయినది. దాని కోసం ఆయన ఇంగ్లండులో కొన్న దూరదర్శిని పదునైదు అంగుళాలది. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబాన్ని దాటుతుండగా విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు చూచినది ఆరు అంగుళాల దూరదర్శినితో. జపాల్-రంగాపూర్‌లో 1960ల చివర నెలకొల్పినది నలుబది ఎనిమిది అంగుళాలది. ఈ అంగుళాలు ముందున్న కటకం లేక లోపలి దర్పణం వ్యాసానికి కొలత. ఇవి వస్తువును ఎన్ని రెట్లు పెంచి చూపేవన్న మాట ముందుగా ఎవరూ ఎత్తరు.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు పాఠశాల ఒకటి గ్రహాలను చూపడానికి దూరదర్శిని కొనబోతే అంగడిలో వ్యవహారం తలక్రిందులుగా ఉంటుంది. చవక రకం పెట్టెల మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలు. వ్యాసం 60 మిల్లీమీటర్లన్న సంగతి ఒక మూలన. ఈ 525 ఎక్కడ నుండి వచ్చినదో పదవ తరగతి విద్యార్థి లెక్క కట్టగలడు. వస్తుకటకపు నాభ్యంతరాన్ని అక్షికటకపు నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. 700ను 4తో భాగిస్తే 175. మధ్యలో మూడు రెట్లు పెంచే మరొక కటకం దూర్చితే 525. లెక్క తప్పు కాదు. అయితే వ్యాసంలో మిల్లీమీటరు ఒక్కింటికి రెండు రెట్లు మించి పెంచితే కొత్త వివరమేదీ కనబడదు. 60 మిల్లీమీటర్ల కటకానికి 120 రెట్లే హద్దు. ఆ పైన పెంచడం సాగే రబ్బరు మీద వ్రాసిన అక్షరాన్ని లాగి చూడటం వంటిది. పైగా 120 రెట్లప్పుడు ఉన్న వెలుగులో 525 వద్ద మిగిలేది ఇంచుమించు పందొమ్మిదవ వంతు. భూభ్రమణం వల్ల గ్రహం ఇరవై మూడు సెకన్లలో దృష్టిక్షేత్రం దాటిపోతుంది. ఈలోగా వరుసలో నిలుచున్న రెండవ పిల్లవాడు కన్ను ఆనించనే లేదు.

నష్టం డబ్బుతో పోదు. శనిగ్రహమని చెప్పి వణకే మసక మరకను చూపితే, పుస్తకంలోని బొమ్మే అబద్ధమని పిల్లవాడు అనుకుంటాడు. దూరదర్శిని బీరువా చేరుతుంది. గెలీలియో 1610 జనవరిలో గురుగ్రహపు చంద్రులను కనుగొన్నది ఇరవై రెట్లు మాత్రమే పెంచే గొట్టంతో అని తెలిస్తే అంకెల మోజు కొంత తగ్గవచ్చును.

చవక దూరదర్శినులలో కటకం కంటె ముందు దగా చేసేది ముక్కాలి పీట. సన్నని రేకు కాళ్లపై గొట్టం నిలుపుతారు. స్థానం సరిచేయడానికి చేయి తగిలితే చాలు, గ్రహం దూకులాడుతుంది. కొనేముందు గొట్టాన్ని వ్రేలితో తట్టి చూడవలెను. రెండు మూడు సెకన్లలో కదలిక ఆగకపోతే ఆ వస్తువు వద్దు. భూమి అక్షానికి సమాంతరంగా ఇరుసును ఒరగబెట్టే పీఠాలు కొన్ని ఘనంగా కనబడతాయి. కాని కరీంనగర్ అక్షాంశం 18.4 డిగ్రీలు, ఆదిలాబాద్‌ది 19.7. ధ్రువనక్షత్రం ఇక్కడ అంత తక్కువ ఎత్తులోనే ఉంటుంది గనుక ఇరుసు దాదాపు పడుకోవలసి వస్తుంది. చవక పీఠాలలో బరువు గుండు పోయి కాలికి తగులుతుంది. ప్రక్కలకు, పైకి క్రిందికి తిరిగే సాదా పీఠమే ఇక్కడి బడికి మేలు.

మరొక మోసం దర్పణపు రకంలో ఉన్నది. నాభ్యంతరం 1000 మిల్లీమీటర్లని వ్రాసి ఉండి గొట్టం మాత్రం అర మీటరు పొడవున ఉంటే, సాధారణంగా దర్పణం గోళాకారంగా అరగదీసినదని, దాని లోపం దాచడానికి నాభి సరిచేసే గొట్టంలో ఒక కటకం బిగించారని గ్రహించాలి. గ్రహాల అంచులు వాటిలో తేటగా రావడం అరుదు.

ఇక ఏది కొనాలి? 150 మిల్లీమీటర్ల దర్పణం, 1200 నాభ్యంతరం, చెక్క పీఠం గల పరావర్తక దూరదర్శినికి సాటి లేదు. వ్యాసంలో నరసింగరావు దూరదర్శిని అంతటిది! 25 అక్షికటకంతో 48 రెట్లు, 10తో 120 రెట్లు. 120 వద్ద గురుబింబం మామూలు కంటికి కనబడే చంద్రుడి కంటె రెండున్నర రెట్లు పెద్దదిగా, పట్టీలతో సహా కనబడుతుంది. ఇటువంటి చెక్క పీఠాన్ని ప్రచారంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్, సాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత మఠంలో సన్యాసిగా ఉండినవాడు. 1960లలో వీధి మూలల నిలబడి దారినపోయేవారికి గ్రహాలు చూపినాడు. ప్లైవుడ్డు, సన్‌మైకా, నున్నని టెఫ్లాన్ బిళ్లలు ఉంటే అటువంటి పీఠాన్ని జగిత్యాలలోనో నిర్మల్‌లోనో వడ్రంగి చేయగలడు. దర్పణం మాత్రం మంచిది కొనవలెను. దీనికొక చిక్కు ఉన్నది: బస్సు కుదుపులకు దర్పణాలు ప్రక్కకు జరుగుతాయి, వాటిని సరిచేయడం ఉపాధ్యాయుడు నేర్వక తప్పదు. ఆ ఓపిక గాని, అంత డబ్బు గాని లేనిచోట 70 మిల్లీమీటర్ల కటకం, పొడవైన గొట్టం, గట్టి ముక్కాలి పీట చాలును. శని వలయం, శుక్రుడి కళలు, గురుని నలుగురు చంద్రులు దానిలోనూ కనబడతారు.

ఈ ప్రాంతానికి ఒక అదృష్టం కలదు. గ్రహాలు ఇక్కడ ఆకాశంలో బాగా పైకి వస్తాయి. లండనులో దక్షిణ దిగంతాన 17 డిగ్రీల ఎత్తు మించని గ్రహం కరీంనగర్‌లో 50 డిగ్రీల దగ్గరకు చేరుతుంది. గ్రహాలకు చీకటి పల్లె కూడా అవసరం లేదు, రామగుండం దీపాల నడుమనైనా చూడవచ్చును. వేసవిలో మాత్రం సిమెంటు మిద్దెపై నిలుపరాదు. పగటి వేడి అర్ధరాత్రి దాక పైకి లేస్తూ బింబాన్ని ఉడికిస్తుంది. మట్టి నేల, గడ్డి ఉన్న ఆటస్థలం మేలు.

కుజుడి విషయంలో పిల్లలకు ఆశ పెట్టరాదు. 2027 ఫిబ్రవరిలో దగ్గరైనప్పుడు కూడా బింబం 14 వికలలు దాటదు. 2035లో 24 దాటుతుంది. శని వలయం 2025 మార్చిలో అంచు భూమి వైపు తిరిగి సన్నగిల్లినది. 2032 వరకు విచ్చుకుంటూ పోతుంది గనుక సన్నని గీత చూచి కటకాన్ని నిందించరాదు.

కొన్ని పెట్టెలలో అక్షికటకానికి బిగించే నల్లని సూర్యగాజు వస్తుంది. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. పెట్టె విప్పిన రోజుననే దానిని పిల్లల ఎదుట పగులగొట్టి పారవేయవలెను.