కేసుషీటులో ఒక అంకె

శస్త్రచికిత్సకు ముందు మత్తుమందు వైద్యుడు రోగి వద్దకు వచ్చి, "నోరు బాగా తెరవండి, నాలుక బయటికి చాపండి" అంటాడు. ఒక్క క్షణం లోపలికి చూచి ఒక అంకె వ్రాసుకొంటాడు. పూర్వం ఆ అంకె కేసుషీటులో ఒక మూలగా ఉండేది. నేడు అనేక ఆసుపత్రులలో కంప్యూటరు తెరమీద దానికి ప్రత్యేకంగా ఒక గడి ఏర్పడినది. ఆ గడి పేరు మల్లంపాటి.

పేరు తెలుగువారిదే. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టన్ నగరంలో మత్తుమందు వైద్యులుగా పనిచేసిన డాక్టర్ శేషగిరిరావు మల్లంపాటి ఈ ఊహను 1983లో ఒక చిన్న లేఖగా ప్రకటించి, 210 మంది రోగులపై పరీక్షించిన ఫలితాలను 1985లో వెల్లడించారు. ఆయన ఆలోచన తేలికగా అర్థమయ్యేదే. పెద్ద శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చి కండరాలను సడలించినప్పుడు రోగి స్వయంగా ఊపిరి తీసుకొనలేడు. వాయునాళంలోకి గొట్టం దించి ప్రాణవాయువు అందించాలి. నాలుక మొదలు నోటిలోని చోటుకు మించి పెద్దదైతే గొట్టం దించే దారి కనబడదు. నాలుక మొదలును కొలబద్దతో కొలవడం కుదరదు గాని, అది వెనుక దేనిని కప్పివేసినదో చూడవచ్చును. కొండనాలుక కనబడుతున్నదా? మెత్తని అంగిలి కనబడుతున్నదా? పాఠకులు అద్దం ముందు నిలిచి తమ నోటిలోనే ఇవి చూచుకొనవచ్చును. దారి దొరకక ప్రాణవాయువు ఆగినచో మెదడు కొద్ది నిమిషాలలోనే చెడిపోతుంది. ఖర్చులేని ఈ పరీక్ష లోకమంతటా వ్యాపించడంలో వింత లేదు.

చిక్కు నోటిలో లేదు, గడిలో ఉన్నది.

1985 నాటి విభజనలో తరగతులు మూడే. కొండనాలుక, మెత్తని అంగిలి, గొంతుకు ఇరువైపులా కమానులవలె ఉండే మడతలు అన్నీ కనబడితే మొదటి తరగతి. కొండనాలుక నాలుక వెనుక మరుగుపడితే రెండవది. మెత్తని అంగిలి మాత్రమే కనబడితే మూడవది. 1987లో శాంసూన్, యంగ్ అనే వైద్యులు దీనిని సవరించి నాలుగు తరగతులు చేశారు. మెత్తని అంగిలి సైతం కనబడనివారు నాలుగవ తరగతి. బాగానే ఉన్నది. కాని ఈ సవరణలో రెండవ తరగతివారికి కొండనాలుక కనబడుతుంది. మూడవ తరగతివారికి దాని మొదలు కనబడుతుంది. అనగా కేసుషీటులో ఉత్త "2" అని ఉంటే, ఒక లెక్క ప్రకారం కొండనాలుక కనబడలేదని, మరొక లెక్క ప్రకారం కనబడినదని అర్థం! ఉష్ణోగ్రత "40" అని వ్రాసి సెంటిగ్రేడో ఫారన్‌హీటో చెప్పని విద్యార్థికి ఏ ఉపాధ్యాయుడూ మార్కులు వేయడు. ఆసుపత్రి కంప్యూటరు వేస్తుంది.

పరీక్ష చేసిన తీరు కూడా అట్టిదే. రోగి కూర్చుని, తల నిటారుగా ఉంచి, శబ్దం చేయకుండా నాలుక చాపాలి. "ఆ" అని అంటే అంగిలి పైకి లేచి తరగతి మెరుగైనట్లు కనబడుతుంది. పడుకొన్న రోగిని చూచి వ్రాసిన అంకె, కూర్చున్న రోగిని చూచి వ్రాసిన అంకె ఒకే గడిలో పడితే అవి ఒకే జాతివి అనుకొనడం పొరపాటు. పైగా ఇది కొలత కాదు, వరుస మాత్రమే. నాలుగవ తరగతి రెండవదానికి రెట్టింపు కష్టమేమీ కాదు. అయినా అంకె కనబడగానే సరాసరి కట్టాలని కంప్యూటరుకు చేతులు దురదపెడతాయి.

ఇక గడిని తప్పనిసరి చేయడం ఒకటి. నింపనిదే తరువాతి పుట తెరుచుకోదు. అర్ధరాత్రి వచ్చిన స్పృహలేని రోగి నాలుక ఎట్లు చాపగలడు? "పరీక్షించలేదు" అని చెప్పే వీలు లేనిచోట తొందరలో ఏదో ఒక అంకె పడుతుంది. ఖాళీ గడి కంటే ఈ నిండిన గడి ప్రమాదకరం.

అంకె సరిగా వ్రాసినా అది ఎంత చెప్పగలదు? 55 పరిశోధనలలోని 1,77,088 మంది వివరాలను కలిపి 2011లో ప్రకటించిన సమీక్షలో, గొట్టం దించడం కష్టమైనవారిలో నూటికి 35 మందిని మాత్రమే సవరించిన ఈ పరీక్ష ముందుగా గుర్తించినదని, సులభమైనవారిలో నూటికి 91 మందిని సరిగా సులభమన్నదని తేలినది. తరగతిలో ఈ లెక్క వేసి చూడవచ్చును. వేయిమందిలో 60 మంది కష్టమైనవారు అనుకొన్నచో, పరీక్ష 21 మందిని పట్టి 39 మందిని విడిచిపెడుతుంది. మిగిలిన 940 మందిలో సుమారు 85 మందిని అనవసరంగా అనుమానిస్తుంది. అనుమానించిన 106 మందిలో నిజంగా కష్టమైనవారు అయిదుగురికి ఒక్కరు.

డెన్మార్కు దేశపు మత్తుమందు వివరాల భాండారం ఇంకా కఠినంగా మాట్లాడినది. అచటి వైద్యులు తమ అంచనాను ముందే గడిలో నమోదు చేస్తారు, జరిగినదానిని తరువాత నమోదు చేస్తారు. 2015లో ప్రకటించిన లెక్కలో 1,88,064 మంది రోగులుండగా, 3,391 మందికి గొట్టం దించడం కష్టమైనది. అందులో నూటికి 93 సందర్భాలు ఎవరూ ఊహించనివి. ఈ ఫలితాన్ని గడులను ఎగతాళి చేయడానికి వాడుకొనడం అన్యాయం. గడులు లేకపోతే ఈ సంగతే బయటపడేది కాదు. "గొంతు కొంచెం ఇబ్బందిగా ఉన్నది" అన్న వాక్యాలను రెండు లక్షల కేసుషీటులలో ఎవరు లెక్కపెట్టగలరు? అంచనా, ఫలితం రెండూ వ్రాయించడమే ఆ దేశపు గొప్పతనం. అనేకచోట్ల మొదటిది మాత్రమే వ్రాయిస్తారు.

భారతదేశంలో ఎలక్ట్రానిక్ ఆరోగ్య వివరాలకు 2013లో ప్రమాణాలు వెలువడి 2016లో సవరించబడినవి. 2021లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వల్ల ఒక ఆసుపత్రి వివరాలు మరొక ఆసుపత్రికి చేరే ఏర్పాటు కలిగినది. అది వాడే ఎఫ్.హెచ్.ఐ.ఆర్. అనే అమరికలో ఫలితంతోపాటు పరీక్షా విధానాన్ని వ్రాయడానికి వేరే చోటు ఉన్నది. అది ఐచ్ఛికం, నింపకపోయినా అంకె ప్రయాణిస్తుంది. మల్లంపాటి గడికి విభజన పేరు, రోగి భంగిమ, పరీక్షించిన తేదీ జతచేయడం పెద్ద పని కాదు.

అంతకంటె ముఖ్యమైన గడి మరొకటి కావాలి: గత శస్త్రచికిత్సలో గొట్టం దించడానికి ఎన్ని ప్రయత్నాలు పట్టినవి, ఏ పరికరంతో సాధ్యమైనది, మాస్కుతో ఊపిరి అందినదా. ఒకసారి కష్టమైన గొంతు మరల కష్టం కావచ్చునని మత్తుమందు వైద్యులందరికీ తెలుసు. ఆ వాక్యం సాధారణంగా పాత ఆసుపత్రి కాగితాలలో, రోగి ఇంట్లో ఏ బీరువాలోనో ఉంటుంది.