నాలుగో బందీ

అమెరికా ఆదివాసుల మధ్య చెరలో గడిపిన యూరోపియన్ల వృత్తాంతాల్లో స్పెయిన్ దేశస్థుడు కబేసా దె వాకా రచన మొదటి వరుసలోది. 1542లో సమోరా పట్టణంలో అచ్చయింది. 1528లో ఫ్లోరిడా తీరం నుంచి లోతట్టుకు నడిచిన సుమారు 300 మందిలో ఎనిమిదేళ్ల తర్వాత మెక్సికో చేరింది నలుగురే. ముగ్గురు స్పానిష్ దొరలు. నాలుగోవాడు వారిలో దోరాంతెస్ అనే దొరకు బానిస, మొరాకోలోని అజమ్మూర్ వాసి. పుస్తకంలో అతని పేరు ఎస్తెవానికో. కన్నవారు పెట్టిన పేరు మనకు చేరలేదు.

విజేతగా వచ్చినవాడు బందీ అయి మనిషిగా మారిన కథ అని విమర్శకులు దీన్ని మెచ్చుకుంటారు. ఆ మెప్పు తగినదే. 1682లో అచ్చయిన మేరీ రోలండ్సన్ చెర కథలోలాగ ఇక్కడ ప్రతి కష్టం దైవపరీక్షగా మారిపోదు. నాగజెముడు పళ్లతో ప్రాణం నిలుపుకున్న రోజుల్ని, ఆదివాసుల ఆకలిని, బిడ్డల మీద వారి మమకారాన్ని వాకా దాపరికం లేకుండా రాశాడు. చివరకు తమ వెంట వచ్చిన ఆదివాసుల్ని స్పానిష్ సైనికులే బానిసలుగా పట్టబోతే వాదులాడిన సంగతీ రాశాడు.

అయితే నేను తర్జుమా పనివాణ్ణి కనుక నా చూపు మరోచోట ఆగింది. ప్రయాణంలో ఆదివాసులతో మాట్లాడిందీ, తోవలూ ఊళ్లూ కనుక్కున్నదీ ఆ నల్లవాడేనని వాకా స్వయంగా ఒప్పుకుంటాడు. దొరలు తమ పెద్దరికం చెడకుండా మితంగా మాట్లాడేవారట! అంటే ఆ ప్రయాణంలో మనకు చేరే ఆదివాసుల మాటల్లో చాలావరకు ఒక బానిస నోట మారి వచ్చినవే. అంతటివాడి సొంత గోడు మాత్రం పుస్తకంలో ఎక్కడా వినబడదు.

అతణ్ణి అమెరికాలో తొలి ముస్లిం అని చెప్పుకోవడం మనలో కొందరికి ఇష్టం. తొందరపడరాదు. చివరి పుటలో వాకా వాడిన 'అలారబె' అన్న మాట అరబ్బు భాషాసంస్కృతుల్ని సూచిస్తుందే గాని విశ్వాసానికి సాక్ష్యం కాదు. పేరు చూస్తే క్రైస్తవ నామం. హృదయంలో ఏముందో అల్లాహ్‌కే ఎరుక. లైలా లలామీ 2014లో వెలువరించిన 'ది మూర్స్ అకౌంట్' నవలలో అతనికి ముస్తఫా అన్న పేరూ, గొంతూ ఇచ్చారు. చదవదగిన నవలే, కాని వాంగ్మూలం కాదు.

నా అసలు అభ్యంతరం 'చెర' అన్న మాటతోనే. వాకాకు అది 1536లో ముగిసింది. ఎస్తెవానికోకు ముగిసిందా? ఆదివాసుల మధ్య నలుగురిదీ ఒకే ఆకలి, ఒకే చాకిరీ. మెక్సికో చేరగానే ముగ్గురు మళ్లీ దొరలయ్యారు, అతడు మళ్లీ సొత్తు అయ్యాడు. వాకా చక్రవర్తికి నివేదిక రాసుకున్నాడు. ఎస్తెవానికోను వైస్రాయ్ మెండోసా ఉత్తరదేశానికి, మార్కోస్ దె నీసా అనే సన్యాసికి దారి చూపమని పంపాడు. 1539లో జూనీ జాతివారి హవికూ గ్రామం వద్ద హతుడయ్యాడని కబురు వచ్చింది. ఆ కబురు చెప్పిందీ ఇతరులే.