వాగులో పోయిన కథ

శ్రావణంలో మా అమ్మ చలిమిడి చేస్తుంది. నానిన బియ్యం వడకట్టి, తడి పూర్తిగా ఆరకముందే దంచి, జల్లించి, బెల్లం తురుముతో ముద్ద కలుపుతుంది. పొయ్యి మీద పెట్టదు. అమ్మవారికి పచ్చిదే పెట్టాలంటుంది. ఎందుకని అడిగితే, మా అమ్మమ్మ అలాగే పెట్టేదంటుంది.

మొన్న ఆ చేతుల్ని చూస్తుంటే దిసాని గుర్తొచ్చింది.

దిసాని హిందూకుష్ లోయల దేవత. ఇప్పుడు తూర్పు అఫ్గానిస్తాన్‌లో నూరిస్తాన్ అంటున్న ఆ సీమను అప్పట్లో బయటివాళ్లు కాఫిరిస్తాన్ అనేవారు. అక్కడ మేకల మందలు మగవాళ్లవి, చేలు ఆడవాళ్లవి. గోధుమ పైరుకు కావలి దిసాని. పంట ఏపుగా రావాలని ఆడవాళ్లు ఆమెకు కాల్చని పిండిరొట్టెలు పెట్టేవారు. గిచే అనే కొత్త సంవత్సరం పండుగ అంతా ఆమెదే.

ఈ సంగతులు రాసిపెట్టింది జార్జ్ స్కాట్ రాబర్ట్‌సన్ అనే బ్రిటిష్ అధికారి. 1890-91లో అక్కడి కామ్‌దేశ్‌లో ఉండి, 1896లో పుస్తకం తెచ్చాడు. అక్కడ ఆయనకు ఒక మహావృక్షం కథ చెప్పారు. కొమ్మలు అన్నదమ్ముల కుటుంబాలు, మాను దిసాని, వేళ్లు నిర్మలి. నిర్మలి పురుళ్లను కాచే తల్లి. పంటనిచ్చే తల్లి నిలబడింది కాన్పును కాచే తల్లి మీద! ఎంత గొప్ప ఊహ! తర్వాతేమైందో చదవబోతే కథ లేదు. రాసుకున్న కాగితాలు కొండవాగులో పోయాయి.

మళ్లీ వెళ్లి అడుగుదామన్నా వీల్లేకపోయింది. 1895-96లో అఫ్గాన్ అమీర్ అబ్దుర్ రహ్మాన్ సైన్యం ఆ లోయల్ని గెలిచి, జనాన్ని ఇస్లాంలోకి మార్చింది. కొన్ని కొయ్య విగ్రహాలు కాబూల్ చేరాయి. 2001లో తాలిబన్లు వాటినీ పగలగొట్టారు.

పోయిన కాగితాల కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. రాబర్ట్‌సన్ మగవాడు, పరాయివాడు. పిండి పిసుకుతూ ఆ ఆడవాళ్లు దిసానితో ఏం చెప్పుకున్నారో ఆయన చెవిన ఎంత పడి ఉంటుంది? రొట్టె పచ్చిగా ఎందుకు పెట్టాలో ఏ కూతురూ అడిగి ఉండదా? సరిహద్దుకు ఇవతల, పాకిస్తాన్‌లోని చిత్రాల్‌లో, కలాష్ తెగ స్త్రీలు పురిటింటి దేవత దెజాలిక్‌ను ఇవాళ్టికీ కొలుస్తున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది.

అమ్మ ముద్ద మధ్యలో బొటనవేలితో చిన్న గుంట చేసింది.

"అదెందుకే?"

"నెయ్యి నిలవడానికి."

ఆమె పక్కనే కూర్చుని, అది కూడా రాసుకున్నాను.