పాట కింద మనిషి: తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లలోని సంస్మరణ చిత్రమాలికలు - రసదోష విచారణ

వ్యాససంగ్రహం:
మరణించినవారి జ్ఞాపకార్థం ఇంటివారే ఫోటోలను వరుసగా పేర్చి, ఒక పాటను జతచేసి తయారుచేసే చిన్న వీడియోలు కోస్తా పట్టణాల్లో కర్మకాండలో ఒక భాగమయ్యాయి. వీటిని సానుభూతితో చూడడమే గాని గుణదోష విచారణ చేయడం అరుదు. తెనాలి, బాపట్ల, రేపల్లెలలో వ్యాసకర్త చూసిన మూడు చిత్రమాలికలను మమ్మటుడు చెప్పిన రసదోషాల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాటను అరువు తేవడంలో దోషం లేదని, ఫోటో చెప్పవలసినదాన్ని పాట ముందే చెప్పేయడం వల్ల మనిషి మరుగున పడుతున్నదని ప్రతిపాదిస్తుంది. గోప్యత కోసం వ్యక్తుల పేర్లు ఇవ్వలేదు.

కీలకపదాలు: చిత్రమాలిక, సంస్మరణ, శబ్దవాచ్యత, పునఃపునర్దీప్తి, అంగాతివిస్తృతి, పద్యనాటకం.

1. ప్రవేశం

పెద్దకర్మ నాడు భోజనాలకు ముందు, షామియానా కింద తెల్లగుడ్డ మీదనో, అద్దెకు తెచ్చిన ఎల్.ఇ.డి. తెర మీదనో పోయినవారి ఫోటోలు ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. వెనక సినిమా పాట వినిపిస్తుంది. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ సాయంత్రానికే అది బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోకి చేరుతుంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరుతాయి. ఇళ్లలో దీన్ని ‘ఫోటోల వీడియో’ అంటారు. ఈ వ్యాసంలో ‘చిత్రమాలిక’ అని వ్యవహరిస్తున్నాను. ఒకప్పుడు ఇది ఫోటో స్టూడియోవారి పని. వారిలో చాలామంది వాడిన ప్రోషో సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన సంస్థ 2020లో మూతపడింది. అప్పటికే ఈ పని ఫోన్‌లోకి, కైన్‌మాస్టర్ వంటి యాప్‌లలోకి, ఇంట్లో డిగ్రీ చదివే మనవడి చేతిలోకి వచ్చేసింది.

దుఃఖంలో ఉన్నవారు చేసుకున్నదాన్ని విమర్శించవచ్చునా? ఈ సందేహం నాకూ కలిగింది. అయితే నాయని సుబ్బారావు ‘మాతృగీతాలు’, విశ్వనాథ ‘వరలక్ష్మీ త్రిశతి’ కూడా దుఃఖంలోంచి పుట్టినవే. వాటి శిల్పాన్ని చర్చించినప్పుడు ఆ దుఃఖాన్ని మనం అవమానించలేదు. అంతకన్న ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఈ డెల్టాలో ట్రంకుపెట్టెలోని ఆల్బం తుఫాన్లకు, చెమ్మకు, చెదలకు ఎదురునిలవదు. పంచిన చిత్రమాలిక మాత్రం పది ఫోన్లలో ఉంటుంది. కాబట్టి మాలికలోకి ఎక్కని ఫోటో కొన్నేళ్లకు అసలు లేని ఫోటో అవుతుంది. ఆ ఫోటోలో ఉన్న మనిషి గతి కూడా అంతే.

2. అరువు తెచ్చిన గొంతు

చిత్రమాలికపై చదువుకున్నవారు వేసే మొదటి నింద, పాట వారిది కాదు గదా అన్నది. ఈ నింద నిలవదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకాన్ని ఆడే సమాజాలు కాటిసీనులో జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలను చేర్చి పాడడం మన ప్రాంత ప్రేక్షకులకు కొత్త కాదు. ఒక కవి పద్యం మరొక కవి నాటకంలో చేరి ఆ సన్నివేశానికి ప్రాణమయింది. అది అక్కడ అతకడానికి కారణం, సన్నివేశం చెప్పినదాన్నే పద్యం తిరిగి చెప్పకపోవడం. ఒక రాజు కాటికాపరిగా నిలబడి ఉండడం కన్ను చూస్తుంది. చావు ముందు అందరూ సమానమే అన్నది చెవి వింటుంది. ఒకదాని ఖాళీని మరొకటి పూరిస్తుంది.

బొమ్మ, గొంతు విడివిడిగా మిగలడమూ ఇక్కడి రంగస్థలానికి తెలిసిన విషయమే. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు మన తరానికి ప్రధానంగా దక్కినది వేషాల ఫోటోలలోనూ గ్రామఫోన్ రికార్డులలోనూ. సత్యభామ వేషంలో ఉన్న ఆయన ఫోటోను ముందు పెట్టుకుని ఆ రికార్డు వినేవారు తమకు తెలియకుండానే ఒక చిత్రమాలికను కూర్చుకుంటున్నారు. కదలని బొమ్మకు, కదిలే గొంతుకు మధ్య ఉన్న ఎడాన్ని వినేవాడు తన ఊహతో నింపుకుంటాడు. ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో దాదాపు పూర్తిగా నిశ్చలచిత్రాలతో ‘లా జెటే’ తీసి, ఒక్కచోట మాత్రమే ఒక స్త్రీ కళ్లు తెరవడాన్ని కదిలే బొమ్మగా చూపడంలోని బలం ఇదే.

3. శబ్దవాచ్యత: తెనాలి మాలిక

తెనాలిలో నేను చూసినది ఒక తల్లి జ్ఞాపకార్థం కొడుకు చేసినది. ఆమె కుట్టుమిషను మీద ఇల్లు నడిపి, ఇద్దరు పిల్లల్ని చదివించిన మనిషి. మాలికలో నలభైకి పైగా ఫోటోలున్నాయి. చాలావాటిలో ఆమె గుంపు చివర, సగం భుజం ఫ్రేము బయట ఉండగా కనిపిస్తుంది. ఒక్కదానిలో మాత్రం ఒంటరిగా ఉంది. మెడలో టేపు వేలాడుతూ, మిషను మీదినుంచి తలెత్తి, పని మధ్యలో ఈ ఫోటో ఏమిటన్నట్టు కొంచెం విసుగ్గా చూస్తున్నది. నాకు ఆమె దొరికింది ఆ ఫోటోలోనే. అది నాలుగు సెకన్లలో వెళ్లిపోయింది.

వెనక వినిపించినది 2004లో వచ్చిన ‘నాని’ చిత్రంలోని అమ్మ పాట. చంద్రబోస్ రచన, ఎ.ఆర్.రహమాన్ సంగీతం. అది మంచి పాట, అందులో సందేహం లేదు. చిక్కంతా ఆ మంచితనంలోనే ఉంది. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’ సప్తమోల్లాసంలో రసదోషాలను చెబుతూ శబ్దవాచ్యతను మొదట పేర్కొన్నాడు. రసాన్ని, స్థాయిభావాన్ని, సంచారిభావాన్ని వాటి పేర్లతోనే చెప్పేయడం ఆ దోషం. శోకాన్ని విభావానుభావాల ద్వారా వ్యంజింపజేయాలి గాని ‘ఇది శోకం’ అని చెబితే శోకం పుట్టదు. శాస్త్రంలో ఇది భావాల పేర్లకు చెప్పిన నియమం. దీన్ని ఇక్కడ కొంత విస్తరించి వాడుతున్నాను. తల్లి ఫోటో మీద తల్లి గొప్పదనాన్ని పాడే పాట వచ్చినప్పుడు, ఫోటో ఏం చెప్పాలో పాట ముందే ప్రకటించేసింది. ఇక కన్నుకు పని లేదు. మెడలోని టేపును, ఆ చూపులోని విసుగును ఎవరూ చూడలేదు. పాటలోని తల్లికి విసుగు ఉండదు గదా! నలభై ఫోటోలూ ఆ ఒక్క మాటకు ఉదాహరణలైపోయాయి. ఆమె ‘అమ్మ’ అనే సామాన్యనామంలో కలిసిపోయింది.

తండ్రుల విషయంలోనూ ఇదే జరుగుతున్నది. 2016లో వచ్చిన ‘నాన్నకు ప్రేమతో’ టైటిల్ గీతాన్ని సంగీతదర్శకుడు దేవిశ్రీప్రసాద్ స్వయంగా రాశారు. అంతకు కొద్దికాలం ముందే ఆయన తండ్రి, రచయిత సత్యమూర్తి కన్నుమూశారు. ఒక కొడుకు ఒక తండ్రికోసం రాసిన పాట ఇప్పుడు ఎందరో తండ్రుల ఫోటోల వెనక ఒకే తీరుగా మోగుతున్నది.

రోలాఁ బార్త్ 1980లో వెలువడిన తన ఛాయాచిత్ర గ్రంథంలో తన తల్లి చిన్ననాటి ఫోటో గురించి ఎన్నో పుటలు రాశాడు గాని, ఆ ఫోటోను పుస్తకంలో ముద్రించలేదు. అది తనకు తప్ప ఇతరులకు ఒక మామూలు ఫోటోయే అన్నది ఆయన వాదం. తెనాలి కొడుక్కు ఆ అవకాశం లేదు. నూటయాభైమంది బంధువుల ముందు అతడు చూపి తీరాలి. చూపవలసివచ్చినప్పుడు పాట అతనికి ఒక చాటు. ఈ మాట అతణ్ణి తప్పుపట్టడానికి అనడం లేదు.

4. తక్కిన దోషాలు

ఇవి త్వరగా చెప్పదగినవి. కరుణాన్ని మళ్లీ మళ్లీ ఎగదోయడం పునఃపునర్దీప్తి. దీనికి ఉదాహరణగా మమ్మటుడు చూపినది కాళిదాసు కుమారసంభవంలోని రతివిలాపాన్ని. కాళిదాసుకే తప్పనిదాన్ని ఫోన్‌లో వీడియో చేసిన పిల్లవాడి మీద మోపడం న్యాయం కాదేమో గాని, దండ వేసిన ఒకే ఫోటో అయిదుసార్లు దగ్గరికి జరిగి రావడం ఆ దోషమే. రాలే పూరేకులు, ఎగిరే పావురాలు, వెలిగే దీపాల టెంప్లేట్లు ముఖాన్ని కప్పేయడం అంగాతివిస్తృతి. పాట చరణం మధ్యలో తెగిపోవడం అకాండచ్ఛేదం. దీనికి తయారుచేసినవారి కంటె పంచే సాధనమే ఎక్కువ బాధ్యత వహించాలి. వాట్సాప్ స్టేటస్‌లో వీడియో నిడివి చాలాకాలం 30 సెకన్లే కాబట్టి, నాలుగు నిమిషాల మనిషి ముక్కలుముక్కలుగానే ఊరంతా తిరిగాడు.

5. తీగ తెగిన పాట: బాపట్ల

బాపట్లలో చూసినది క్రైస్తవ కుటుంబం జరిపిన ఆదరణ కూడికలో. ల్యాప్‌టాప్ నుంచి స్పీకరుకు వెళ్లే వైరు పనిచేయలేదు. తెర మీద ఫోటోలు మూగగా కదలసాగాయి. ఒక నిమిషం ఇబ్బందిగా గడిచాక ముందు వరసలోని ఒక పెద్దావిడ ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి ఎత్తుకుంది. కూడిన వారందరూ అందుకున్నారు. ల్యాప్‌టాప్ దగ్గరున్న అమ్మాయి ఏమనుకుందో, వీడియోను ఆపి, ఫోటోలను ఒక్కొక్కటిగా తెరిచి, మీట నొక్కుతూ చరణానికి ఒక ఫోటో నిలపసాగింది. పల్లవి వచ్చినప్పుడల్లా మొదటి ఫోటోకు, తాతగారు సైకిలు పట్టుకుని నిల్చున్నదానికి, తిరిగి వెళ్లింది.

నేను చూసిన మూడింటిలో రూపపరంగా నిర్దుష్టమైనది ఇదే. ఇది అనుకుని చేసినది కాదు గనుక దాని గుణాన్ని తక్కువచేయనవసరం లేదు. పల్లవితోపాటు ఫోటో తిరిగిరావడం వల్ల ఆ సైకిలు నాలుగోసారికి మొదటిసారి చూసిన సైకిలుగా లేదు. ఇక్కడ పునరుక్తి దీప్తిగా మారలేదు, ప్రతిసారీ మధ్యలో వచ్చిన ఒక జీవితఘట్టాన్ని కలుపుకుని వచ్చింది. కీర్తన కూడా పోయిన వ్యక్తిని వర్ణించలేదు. అది దేవుణ్ణి ఉద్దేశించినది. అందువల్ల ఫోటో చెప్పవలసినది ఫోటోకే మిగిలింది. మరొక సంగతి: రికార్డు పాటకు తన వేగం ఉంటుంది, అది ఎవరికోసమూ ఆగదు. ముసలివాళ్లు పాడే కీర్తన వాళ్ల ఊపిరిని బట్టి సాగుతుంది. చూడడానికి ఎంత సమయం కావాలో అంత సమయం దొరికింది.

6. కాసెట్టులోని పద్యం: రేపల్లె

మూడవది రేపల్లె దగ్గరి పల్లెలో, పొలం పనులు చేసుకుంటూ నలభై ఏళ్లు హరిశ్చంద్ర వేషం కట్టిన ఒక పెద్దాయనది. చేసినది మనవడు. ఫోటోలు ఏడే ఏడు. వెనక సినిమా పాట లేదు. ఎప్పుడో కాసెట్టులోకి ఎక్కించిన తాత పద్యం ఉంది. హార్మోనియం, టేపు బుసబుస, మధ్యలో ఎవరిదో దగ్గు. రాగం తీసినంతసేపూ కిరీటం పెట్టుకున్న ఫోటో ఒక్కటే కదలకుండా నిలిచింది, నిమిషానికి పైగా. ఆ తరవాత బనీనుతో అరుగు మీద కూర్చున్న ఫోటో వచ్చేసరికి గొంతు ఇంకా రాజుదే. స్థానం వారి ఫోటోకు, రికార్డుకు మధ్య మనం ఊహించుకునే ఎడం ఇక్కడ ఒక రైతు ముఖంలో కనిపించింది. కిరీటం మీదుగా బంగారు రంగులో ‘మిస్ యూ తాతయ్యా’ అన్న అక్షరాలు మెరవకపోతే ఇంకా బాగుండేది.

ఇంత మంచి మాలికలోనూ అసలు లోపాన్ని పట్టుకున్నది నేను కాదు. బంతి భోజనాల దగ్గర వడ్డిస్తూ, ఆ ఇంటి నాయనమ్మకు చెల్లెలయిన ఒకావిడ మనవణ్ణి నిలబెట్టి అడిగింది: “ఆ కిరీటం పెట్టె ఊరూరా మోసింది మా అక్క. తెల్లారి ఇంటికొస్తే మొహాన రంగు కడిగింది మా అక్క. ఏడు బొమ్మలెట్టావు, మా అక్క బొమ్మ ఒక్కటీ లేదేంట్రా?”

విమర్శ లేదని మనం అనుకునే చోట విమర్శ ఉన్నది, అది గ్రూపులో ఉండదు. గ్రూపులో అందరూ చేతులే జోడిస్తారు. వడ్డన దగ్గర, వంటగాడిపొయ్యి దగ్గర, తిరుగు ప్రయాణంలో తెనాలి బండి ఎక్కాక ఆడవాళ్లు మాట్లాడుకునేది గుణదోష విచారణే. వారు ట్రాన్సిషన్ల గురించి మాట్లాడరు. ఎవరు ముందు వచ్చారు, ఎవర్ని కత్తిరించారు, ఎవరు అసలు లేరు అన్నదే వారి ప్రశ్న. శాస్త్రపరిభాషలో అది అంగి అననుసంధానం, అంటే ప్రధానమైనదాన్ని మరవడం. అయితే నాయనమ్మ ఇక్కడ అంగి అవునా అని శాస్త్రం తెలిసినవారు అడగవచ్చు. తాత జీవితానికి అంగి ఎవరో తేల్చే అధికారం ఏడు ఫోటోలు ఏరిన మనవడికి ఉంటే, అరవై ఏళ్లు ఆ ఇంటిని చూసిన చెల్లెలికీ ఉంటుంది.

ఈ మాట నాకు గట్టిగా తగలడానికి సొంత కారణముంది. మా అమ్మమ్మ సంవత్సరీకానికి నేనూ ఒక మాలిక చేశాను. ఆమె ముఖం పెద్దదిగా కనబడాలని ఒక గుంపు ఫోటోను కత్తిరించాను. కత్తిరించిన భాగంలో ఉన్నది పక్కింటావిడ. అమ్మమ్మ మంచాన పడ్డ రెండేళ్లూ రోజూ వచ్చి జడ వేసిన మనిషి. ఆవిడ సంవత్సరీకానికి వచ్చింది, చూసింది, ఏమీ అనలేదు. అసలు ఫోటో తరవాత ఎంత వెతికినా దొరకలేదు.

రేపల్లె మనవడు వారం తరవాత రెండో రూపం పంపాడు. నాయనమ్మ ఫోటోలు ఇంట్లో వేరే ఏవీ దొరకనట్టుంది, పాత రేషన్ కార్డు మీది కుటుంబం ఫోటోను ఫోన్‌తో తీశాడు. తపాలా బిళ్లంత బొమ్మను సాగదీయడంతో ఆమె ముఖం మసకగా, చుక్కలుచుక్కలుగా ఉంది. భర్త పక్కనే ఉన్నాడు, కత్తిరించలేదు. దాన్ని చివర పెట్టకుండా, పద్యం ముగిసి రాగం మొదలయ్యేచోట, కిరీటం ఫోటోకు ముందు నిలిపాడు. ఇరవై సెకన్లు ఉంటుంది. రాగం ఆమె మీద మొదలై ఆయన మీదికి సాగుతుంది. గ్రూపులో ఎప్పటిలాగే చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. బంగారు అక్షరాలు ఇప్పుడు ఇద్దరి మీదా మెరుస్తున్నాయి.