వదిలేసిన బంతుల విలువ

2013లో సిన్సినాటి రెడ్స్ బేస్‌బాల్ జట్టు బ్యాటింగ్ వరుసలో జోయి వాటో మూడోవాడు, బ్రాండన్ ఫిలిప్స్ నాలుగోవాడు. సీజన్ ముగిసేసరికి ఫిలిప్స్ ఖాతాలో 103 ఆర్‌బీఐలు, వాటో ఖాతాలో 73. (ఆర్‌బీఐ అనగానే మనకు రిజర్వు బ్యాంకు గుర్తొస్తుంది. బేస్‌బాల్‌లో అది, ఒక బ్యాటర్ ఎంతమందిని ఇంటికి చేర్చి పరుగులు తెచ్చాడో చెప్పే పద్దు.) అంతకు ముందు ఏడాదే వాటోతో పదేళ్లకు 22.5 కోట్ల డాలర్ల పొడిగింపు ఒప్పందం కుదిరింది. ఇంత సొమ్ము తీసుకుని బంతుల్ని వదిలేస్తాడేమిటని ఊళ్లో సణుగుడు మొదలైంది.

ఆ ఏడాది వాటో 135 వాక్‌లు తీసుకున్నాడు. స్ట్రైక్ జోన్ బయట పడ్డ బంతులు నాలుగు వదిలితే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్లిపోతాడు, అదే వాక్. ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలే టెస్ట్ ఓపెనర్‌ని మనం మెచ్చుకుంటాం గానీ, ఆ ఓర్పుకు స్కోరుబోర్డు మీద ఏమీ రాలదు. ఇక్కడ ఏకంగా ఒక బేస్ వస్తుంది. అయినా బ్యాటింగ్ సగటు లెక్కలో వాక్‌కు చోటే లేదు.

తొమ్మిది ఇన్నింగ్స్‌లకు ఒక జట్టు చేతిలో ఉండేవి 27 అవుట్లు. అవుట్ కాకుండా బేస్ చేరడమే అసలు పొదుపు. ఆ సీజన్లో వాటో 316 సార్లు బేస్ చేరాడు. అతని ఆన్‌బేస్ నిష్పత్తి 0.435, ఫిలిప్స్‌ది 0.310. ఫిలిప్స్ బ్యాట్ పట్టుకుని వచ్చేసరికి ముందువాళ్లు, 0.423 నిష్పత్తి ఉన్న షిన్‌సూ చూ, వాటో, తరచూ బేస్‌ల మీద నిలబడి ఉండేవారు. ఆ 103లో వాటో కాళ్ల వాటా ఎంతో ఆర్‌బీఐ పద్దు చెప్పదు.

చెప్పే లెక్క వేరే ఉంది. వేల మ్యాచ్‌లను జల్లెడపట్టి, ఏ ఫలితం సగటున ఎన్ని పరుగులకు దారితీస్తుందో తేల్చి, ఒక్కోదానికి ఒక్కో బరువు కట్టారు. వాక్‌కు సుమారు 0.69, మొదటి బేస్ దాకా చేర్చే హిట్ సింగిల్‌కు 0.88, రెండో బేస్ దాకా చేర్చే డబుల్‌కు 1.25, బేస్‌లన్నీ చుట్టే హోమ్ రన్‌కు 2 పైన. వాక్ సింగిల్‌కు అంత దూరంలో లేదన్నమాట! ఈ బరువుల్ని కూడి, మైదానం చిన్నదా పెద్దదా, ఆ కాలంలో పరుగులు తేలికా కష్టమా చూసి సరిదిద్దితే వచ్చే అంకె డబ్ల్యూఆర్‌సీ ప్లస్. లీగ్ సగటు 100. రెడ్స్ సొంత మైదానంలో హోమ్ రన్‌లు సులువు, ఆ సౌకర్యాన్ని తీసేశాక కూడా వాటో కెరీర్ అంకె 145.

అంకెల వెనక పనితనం చూడాలి. రెండు స్ట్రైకులు పడగానే (మూడోది పడితే అవుటే) వాటో బ్యాట్‌ని పిడి నుంచి పైకి జరిపి పట్టుకునేవాడు. దెబ్బలో బలం కొంత తగ్గినా, బంతిని చూడటానికి రెప్పపాటు ఎక్కువ దొరుకుతుంది. కోట్లు పుచ్చుకునే స్లగ్గర్లలో ఎందరికి ఆ వినయం ఉంటుంది? ఫలితం పండింది 2017లో: 36 హోమ్ రన్‌లు, 134 వాక్‌లు, స్ట్రైకవుట్లు 83 మాత్రమే. ఆ ఏడాది నేషనల్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం, ఎంవీపీ, మాత్రం 59 హోమ్ రన్‌లు బాదిన జియాన్‌కార్లో స్టాంటన్‌కు దక్కింది. ఓటింగ్‌లో స్టాంటన్‌కు 302 పాయింట్లు, వాటోకి 300.

వయసు మీదపడి బలం జారినప్పుడు ఇదే మనిషి తన పద్ధతినే విప్పి మళ్లీ కట్టుకున్నాడు. స్ట్రైకవుట్లు పెరిగినా పర్లేదనుకుని గట్టిగా ఊపడం మొదలెట్టాడు. 2021లో 37 ఏళ్ల వాటో 129 ఆటల్లో 36 హోమ్ రన్‌లు కొట్టాడు, జూలైలో వరుసగా ఏడు మ్యాచ్‌ల్లో. ఓర్పే మతంగా బతికినవాడు దాన్ని సడలించుకోవడం నాకు 2017 కన్నా ముచ్చటగా కనిపిస్తుంది.

మొత్తం 2,135 హిట్లు, 356 హోమ్ రన్‌లు. పాత కొలబద్దల ప్రకారం హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఇవి తక్కువే. కానీ కెరీర్ ఆన్‌బేస్ 0.409, నేషనల్ లీగ్‌లో ఏడు సీజన్లు ఆ పట్టికలో మొదటి స్థానం. నాకే ఓటుంటే వాటోకి వేసేవాణ్ణి, ఆర్‌బీఐ గడి వైపు చూడకుండానే.